ఫొటో కోసం కట్టిన ఉయ్యాల

మంగళవారం.

ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున్నే రొయ్యల ఫ్యాక్టరీ నుంచి సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "ఇవాళ మీ పాపని కూడా తీసుకురామ్మా. లేబర్ ఆఫీసరు గారు వస్తున్నారు." మూడు నెలలుగా అదే పాపని తెచ్చుకుంటానని బతిమాలుతుంటే "పిల్లలకి ఇక్కడ చోటు లేదమ్మా" అన్న మనిషే ఇతను! రోజూ పాపని కలిదిండిలో అత్తయ్య దగ్గర వదిలి పనికి వస్తున్నాను. మధ్యాహ్నానికి పాలు కారి జాకెట్టు తడిసిపోతుంటే, బాత్రూములో పిండి పారబోస్తున్నాను.

వెళ్ళేసరికి థర్మాకోల్ పెట్టెలు పేర్చే గది ఖాళీ చేసి ఉంది. తలుపు మీద 'పిల్లల గది' అని బోర్డు, లోపల కొత్త ఉయ్యాల, ఒక ఎలుగుబంటి బొమ్మ. అంటే ఇన్నాళ్ళూ చోటు ఉంది, పెట్టెలకి.

ఆఫీసరు గారు పాపని ఎత్తుకుని ఫొటో దిగారు. "ఈ గది చట్టం మీకిచ్చిన హక్కమ్మా. పాపని రోజూ తీసుకొస్తున్నావా?" అని అడిగారు. ఆయన వెనక నుంచి సూపర్‌వైజరు నన్నే చూస్తున్నాడు.

"తీసుకొస్తున్నానండీ" అన్నాను.

ఆఫీసరు గారి కారు గేటు దాటిందో లేదో, సూపర్‌వైజరు పాప చేతిలోంచి ఎలుగుబంటి బొమ్మ లాగేసుకున్నాడు. "ఇది ఇక్కడే ఉండాలి, మళ్ళీ పనికొస్తుంది."

పది నెలల పిల్ల, ఆ బొమ్మ కోసం ఫ్యాక్టరీ అంతా దద్దరిల్లేలా ఏడ్చింది. నేను మాత్రం, అడిగిన మనిషి ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పాను. అదీ 'అండీ' అని మర్యాదగా.