ఆ పెళ్ళి నేనే

శృంగవరపుకోట,
సోమవారం.

బావకి,

ఏమని పిలవాలో తెలియక ఈ ఒక్కసారికీ పాత పిలుపే రాస్తున్నాను. నీ ఫోన్ నంబరు దుర్గాభవాని ఇచ్చింది. కానీ ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు ఊరుకుంటావు, మాట సాగదు. అందుకే ఈ ఉత్తరం రాసి ఆమె చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న విజయనగరంలో మీ మీటింగుకి వచ్చి చివరి వరసలో కూర్చున్నది నేనే. నువ్వూ నన్ను చూశావు, చూసి మైకు దగ్గర తడబడ్డావు. ఇదెలా వచ్చిందా అనుకుని ఉంటావు. ఇక్కడ మార్కెట్టు పక్కన నాకొక కుట్టుమిషను కొట్టుంది. దుర్గాభవాని జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. వేరే కొట్లలో తన ఒంటి మీద టేపు పెట్టి కొలవడానికి ఇష్టపడరనీ, కొలతకి పాత జాకెట్టు పడేసి పొమ్మంటారనీ మొదటిసారి వచ్చినప్పుడు చెప్పింది. నేను కొలిచాను. అక్కణ్ణుంచి మాటలు కలిశాయి. నెలకోసారి మీ ట్రాన్స్‌జెండర్లంతా ఒక హాల్లో కలుస్తారనీ, నర్సు వచ్చి బీపీ, షుగరు చూస్తుందనీ, గుర్తింపు కార్డులు, అద్దె ఇళ్ళ గొడవలు, ఉద్యోగాలు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారనీ చెప్పేది. కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఝాన్సీ అక్క ఇదంతా నడిపిస్తుందంటూ ఒకరోజు ఫొటో చూపించింది. చీరలో ఉంటే మాత్రం అత్త ముక్కూ, అత్త గడ్డమూ ఎక్కడికి పోతాయి? వెంటనే పోల్చుకున్నాను.

నేను తగువుకి రాలేదు, చూసిపోదామని వచ్చాను. నీ చీరకట్టు నా కట్టుకంటే బాగుంది. ఇంట్లోంచి గెంటేస్తే వచ్చిన పిల్లట, నీ పక్కన కూర్చుని తలవంచుకుని అన్నం తింటోంది. ఆ పిల్ల అడక్కుండానే నువ్వు తన ఆకులో రెండోసారి పప్పు వేశావు. మన ఇంట్లో ఎప్పుడూ నేల చూపులు చూస్తూ తిరిగిన మనిషివి, అక్కడ ఎంతమంది మధ్య ఎంత నిమ్మళంగా ఉన్నావో. అది చూసి నాకు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు.

తర్వాత నువ్వు మాట్లాడావు. అమ్మా, మేనమామా కలిసి బలవంతంగా పెళ్ళి చేశారనీ, ఆ పెళ్ళిలో ఊపిరాడక సాలూరు పారిపోయాననీ, అక్కడ లారీలకి రంగులు వేసి బతికాననీ చెప్పావు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. బావా, ఆ పెళ్ళి నేనే. ఊపిరాడని ఆ గదిలో నీతోపాటు నేనూ ఉన్నాను. నువ్వు చెప్పిన కథలో మా నాన్న ఉన్నాడు, అత్త ఉంది, లారీలున్నాయి. నేను లేను.

పెళ్ళయిన కొత్తలో ఒకనాడు నువ్వు నాతో, "నాను నీలాంటిదాన్నే కుమారీ. ఎవులికీ సెప్పకు" అన్నావు. చెప్పలేదు. నువ్వు వెళ్ళిపోయాక మొగుణ్ణి నిలుపుకోలేకపోయానని అత్త సాధించింది. గుళ్ళు తిప్పింది, తాయెత్తులు కట్టించింది. నాకేదో లోపముందని కొందరన్నారు. నాకు ఇంకెవరితోనో నడుస్తుంటే నువ్వు చూసి పోయావని కొందరన్నారు. ఒక్క మాట చెబితే వాళ్ళ నోళ్ళు మూతపడేవి. కానీ చెబితే నిన్ను వెతికి పట్టుకొచ్చి కొడతారని తెలుసు. అందుకని పుట్టింటికి వచ్చేశాక కూడా నోరు విప్పలేదు. ఆ నిందలు నేను మోశానని నీకు తెలియాలి. నాకు మిగిలిన బాధ అదొక్కటే.

నిన్న ఇంటికొచ్చి నాన్నకి మొత్తం చెప్పేశాను. నాకు విడాకులు కావాలి. సాలూరులో భార్య పోయినతని సంబంధం నాన్న ఎప్పణ్ణుంచో చూసి పెట్టాడు. నిన్ను కులపెద్దల ముందుకి రప్పించి, నన్ను మోసం చేశావని అందరి ఎదుటా నీ చేత ఒప్పించాకే కోర్టుకి వెళ్దామంటున్నాడు. నాకా తంతు వద్దు. నువ్వు మర్యాదగా కోర్టుకి వస్తావో రావో, అది చెప్పు చాలు.

నీ మీద కోపం పోని
కుమారి


విజయనగరం,
గురువారం.

కుమారికి,

కోర్టుకి వస్తాను. నువ్వు ఎప్పుడంటే అప్పుడు వస్తాను. మా మీటింగులకి వచ్చే లాయరమ్మని అడిగాను. ఇద్దరమూ ఒప్పుకుని విడిపోతే ఎవరూ ఎవరి మీదా నేరం మోపనక్కర్లేదట. నీ మీద పడిన నిందలకి ఇంకొకటి కలవదు. ముందు ఆ సంగతి నీకు తెలియాలని మొదటే రాస్తున్నాను.

మీటింగులో మాట్లాడినవి ఎవరో ఒకరు ఫోన్లో పట్టి ఊళ్ళన్నీ తిప్పుతారు. నీ పేరు అలా తిరగకూడదని నిన్ను దాచాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. నాకు అన్యాయం చేసినవాళ్ళ గురించి చెప్పడం ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నాను. నాతోపాటు అన్యాయమైపోయిన మనిషి గురించి ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. మాలో పెళ్ళి చేసుకుని వచ్చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇన్ని నెలలుగా కలుస్తున్నాం, ఎంతో మాట్లాడుకున్నాం. వాళ్ళ పెళ్ళాల సంగతి ఒక్కసారీ రాలేదు. నీ ఉత్తరం దుర్గాభవానికి చదివి వినిపించాను. ఆమె దాన్ని మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, "ఆ అమ్మి సెప్పినదాంట్లో అబద్దమేటున్నాది" అంది.

వచ్చే నెల శ్రీకాకుళంలో పెద్ద సమావేశం పెడుతున్నాం. అధికార్లు వస్తారు, కొందరి తల్లిదండ్రులు కూడా వస్తామన్నారు. నేను మాట్లాడే వంతు నీకిస్తాను. నీ తరఫున నేను మాట్లాడను, ఆ పని ఇక ఎప్పుడూ చేయను. రావడం, రాకపోవడం నీ ఇష్టం.

కులపెద్దల దగ్గరికి మాత్రం రాలేను. అలాంటి చోట మాలాంటి వాళ్ళని ఏం చేస్తారో నాకు తెలుసు. మావయ్యని శ్రీకాకుళం తీసుకురా. ఆయన ఏమడిగినా అందరిముందూ జవాబు చెబుతాను.

సాలూరు సంబంధం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. అతను నీకు నచ్చాడని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అందుకని అడుగుతున్నాను. నీకు ఇష్టమేనా?

నీ మేలు కోరే
ఝాన్సీ


శృంగవరపుకోట,
మంగళవారం.

ఝాన్సీ వదినకి,

ఈ పిలుపు నాది కాదు, నాన్నది. శ్రీకాకుళం నుంచి బస్సులో తిరిగి వస్తున్నాం. విజయనగరం దాటాక, "ఒలే, అది నీకు బావెలగవుతాది? మేనత్త కూతురు, నీకన్నా పెద్దది. వదినవుతాది కదేటి" అన్నాడు. ఆ మాటన్నాక కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

నేను మైకులో చెప్పింది నువ్వు విన్నావు. అనుకున్నవాటిలో సగం మర్చిపోయాను. మిమ్మల్ని మార్చడానికని మాలాంటి ఆడపిల్లల్ని తెచ్చి ముడిపెడితే ఇద్దరి బతుకులూ పోతాయని మాత్రం చెప్పగలిగాను. ఆ తర్వాత జరిగింది నీకు తెలీదు. నువ్వు అధికార్లతో మాట్లాడుతున్నావు. అందుకే రాస్తున్నాను.

నాన్న నీతో తగువు పెట్టుకోడానికే వచ్చాడు. లోపలికి రానని భోజనాల దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. మైకు అక్కడికీ వినిపిస్తుంది కాబట్టి నా మాటలన్నీ విన్నాడు. నేను వెళ్ళేసరికి దుర్గాభవాని ఆయనకి అన్నం వడ్డిస్తోంది. వద్దనకుండా తింటున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అంతలో టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళబ్బాయికి వచ్చే నెల పెళ్ళట, శుభలేఖలు కూడా పంచేశారట. అబ్బాయి తాను లోపల ఆడపిల్లనేనని చెప్పి ఏడుస్తున్నాడట. డాక్టరు వస్తాడంటే మందు రాయించుకుందామని సమావేశానికి వచ్చిందట పాపం.

"నువ్వు ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టుంటే మారీవోడేమో కదమ్మా" అని నన్ను అడిగింది. ఆ మాటలో నింద లేదు, ఆశ ఉంది. మారడానికి అదేమీ రోగం కాదనీ, ఓపిక పట్టడం వల్ల నా వయసు పోయింది తప్ప ఇంకేమీ జరగలేదనీ చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళయితే సర్దుకుంటుందని పెద్దలందరూ అన్నారనీ, ఇప్పుడు ఆపితే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేమనీ అంటూనే ఉంది.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఏ రభస చేస్తాడో అని నేను లేచాను.

"అమ్మా, ఆ పెద్దల్లో నానొకడిని" అన్నాడు. "పెళ్ళయితే సర్దుకుంటాదని నానే సెప్పి, నా సేతుల్తో సేసినాను. అటు నా తోడబుట్టిన అప్ప బిడ్డ దూరమైపోయినాది, ఇటు నా కూతురు ఇలగున్నాది. తల ఎత్తుకోడం గురించి నన్నడుగు, సెప్తాను."

ఆ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడతో అన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆ తర్వాత నువ్వు బయటికి వచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టావు. నీ తల మీద చెయ్యి వేశాడు. వచ్చినవాడు ఏ తగువూ పెట్టకుండా ఎందుకు పోయాడో ఇప్పుడు నీకు తెలిసింది.

కులపెద్దల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇంటికొచ్చాక సాలూరు సంబంధం నీకిష్టమేనా అని అడిగాడు. లేదన్నాను. సరేనన్నాడు. విడాకులు మాత్రం కావాలి వదినా, అందులో మార్పు లేదు. ఇంకొకరిని చేసుకోడానికి కాదు. నా కొట్టు మీద నా పేరొక్కటే ఉండాలి, నన్ను ఎవరూ వదిలేసిన మనిషి అనకూడదు. అత్తకి ఇంకా ఏమీ తెలీదు. నాన్నే కోటబొమ్మాళి వెళ్ళి తన అక్కకి చెబుతానంటున్నాడు. ఆవిడ ఏమంటుందో చెప్పలేను, నువ్వు ఎక్కువ ఆశ పెట్టుకోకు.

దుర్గాభవాని నన్ను నెలనెలా మీటింగుకి రమ్మంది. బిడ్డల్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియక వచ్చే అమ్మానాన్నలతో నేను మాట్లాడాలట. ఆదివారాలు కొట్టు ఎలాగూ కట్టేస్తాను, వస్తానన్నాను.

టెక్కలి ఆవిడ నిన్న ఫోన్ చేసింది. పెళ్ళి ఆపేశారు. ఆడపిల్లవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడి నానా మాటలూ అన్నారట. తలుపు వేసుకుని కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నానని చెప్పింది. కొడుకనే అంది, నేను దిద్దలేదు. అది మెల్లగా వస్తుంది. ఆవిడ ఫోన్ పెట్టేశాక మిషను ముందు కూర్చున్నాను గానీ కాలు కదల్లేదు. నరసన్నపేట దగ్గర ఏదో ఊళ్ళో ఆ పెళ్ళికూతురు ఇప్పుడు ఏడుస్తూ ఉంటుంది. తనలో ఏం లోపముందని ఆపేశారో తెలియక, పంచిన శుభలేఖల్ని తలుచుకుని ఏడుస్తూ ఉంటుంది. ఆ పిల్ల పేరు నాకు తెలీదు, నేనెవరో ఆమెకి ఎప్పటికీ తెలీదు. ఏడవనీ వదినా. ఈ నెల్లాళ్ళూ ఏడిస్తే సరిపోతుంది.

నీ మరదలు
కుమారి