గుట్టమీది ద్రాక్ష

పుంగనూరు,
మార్చి 1945

నా చెల్లి ఫ్లోరాకు,

నీ క్షేమం, పిల్లల క్షేమం అడిగే ముందు ఒక మాట. ఈస్టరుకు నేను మదనపల్లెలో నాన్న దగ్గరికి రావడం లేదు. జ్వరమని నాన్నకు రాశాను. నీకు మాత్రం అబద్ధం రాయబుద్ధి కాలేదు. యుద్ధం వల్ల ఓడల్లో సీమ నుంచి ద్రాక్షారసం రావడం ఆగిపోయింది కనుక, ఈసారి గుళ్ళో ప్రభువు బల్లకు నీ ద్రాక్షారసమే పోస్తారట. నువ్వు తీసిన రసం ఆ గిన్నెలో ఉండగా, ఈ మనసుతో నేను మోకరించలేను.

నాన్న బెంగళూరు నుంచి తెచ్చిన నల్లద్రాక్ష కొమ్మలు మనిద్దరికీ సమంగా పంచాడు. నావాటిని నేను బిడ్డను సాకినట్టు సాకాను. చెరువుమట్టి తోలించాను, పేడ ఎరువు వేయించాను, తడవ తప్పకుండా మోట తోలించి నీళ్ళు పెట్టించాను. మా పందిరి కింద ఎండ పడదు, అంత ఆకు. కాయలు గోలీలంత. తీరా రసం తీస్తే తోటకూర ఉడికించిన నీళ్ళే. నీదేమో నేరేడుపండు రంగు, చిక్కన, మింగాక కూడా నాలుక మీద సన్నటి వగరు. నాన్న నా గ్లాసు పక్కన పెట్టి నీది ఖాళీ చేశాడు. "ఫ్లోరా చేతిలో ఏదో ఉండాదమ్మా" అన్నాడు నాతో. నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ మొహాన నొప్పిగా ఉంది.

నువ్వేదో దాస్తున్నావనుకున్నాను. పోయిన కోతకు కుప్పం వచ్చింది నీకు సాయానికి కాదు, అది కనిపెట్టడానికి. నువ్వు పండ్లు చిదిమావు, తొక్కలతోనే జాడీలో పోసి గుడ్డ కట్టావు, పొద్దునా సాయంత్రం కలియబెట్టావు. అంతా నేను చేసేదే. "యాలక్కా అట్ల సూస్తాండావు? నీకు తెలీంది ఈడేముండాది?" అన్నావు. ఆ మాటకు ఒళ్ళు భగ్గున మండింది.

ఈస్టరు పోగానే మా పాలేరు హనుమంతు చేత తీగెలన్నీ పీకించేస్తాను.

నీ అక్క,
దయామణి

కుప్పం

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా చేను గులకరాళ్ళ గుట్ట, బావి లేదు, నువ్వు చూసిందే. నాటిన తీగెల్లో సగం ఎండి చచ్చాయి. మిగిలినవాటికి పోద్దామని బిందె ఎత్తితే, మీ మరిది మోషే, "తాగేదానికే నీళ్ళు లేవు, తీగకు యాడ తెచ్చి పోస్తావే?" అని లాక్కున్నారు. అవి రాళ్ళ సందుల్లో వేళ్ళు దింపుకొని దొరికింది తాగి బతికాయి. పగలంతా కాగే రాయి, పైన గుట్టగాలి. అందుకే కాయ శనగగింజంత, తొక్క మందం, రసం చిక్కన. అందులో నా చేతి పనితనమేమీ లేదు. నాన్నకు ఆ మాట చెప్పాల్సింది. పొగడ్త తియ్యగా ఉండి చెప్పలేదు.

ఇంకోటి విను. నీ కాన్పుకు వచ్చినప్పుడు, మీ మోటనీళ్ళు ద్రాక్షపాదులు నిండి దారిలోకి పొర్లిపోతుంటే చూశాను. వేసవిలో నా పిల్లలకు స్నానానికి కూడా వెతుక్కోవాలి. పందిరి వెనక్కి పోయి ఏడ్చాను. నీ మీద కుళ్ళుతో, అక్కా.

తీగెలు పీకకు. నీళ్ళు తగ్గించి, ఎరువు మానేసి చూడు. ఈస్టరుకు నువ్వు రాకపోతే ఆ గిన్నె ముందుకు నేనూ వెళ్ళను.

ఫ్లోరా

పుంగనూరు,
ఏప్రిల్ 1945

ఫ్లోరా,

గుళ్ళో నీ పక్కనే మోకరించాను గానీ, మనసులో ఏముందో చెప్పలేదు. అసూయ పోయిందని అబద్ధమాడను. గిన్నె పెదవికి తగలగానే, ఎంత బాగుందో అని కడుపులో మండింది. అయినా మింగాను. నీ భుజం మీద చెయ్యి వేశాను.

ఇంటికి రాగానే హనుమంతు గడ్డపార తెచ్చి, "పీకేదేనామ్మా?" అన్నాడు. వద్దు, ద్రాక్షకు పోయే కాలవకు అడ్డం కట్టమన్నాను. "నీళ్ళు లేకుంటే సచ్చిపోతాయమ్మా!" అన్నాడు. సగం చచ్చినా సరేనన్నాను. మా నల్లమట్టి మీ గుట్ట కాదు, నీ రసం నాకు ఎన్నటికీ రాదు. ఈ మట్టి రసమేదో అదే చూస్తాను.

బడి సెలవులివ్వగానే పిల్లల్ని పంపు. మోట తోలేటప్పుడు ఒళ్ళు నానేదాకా కాలవలో పొర్లనీ. తిరిగొచ్చాక వాళ్ళు ఆ ముచ్చట్లే చెబుతుంటే నీకు కడుపు మండుతుంది. మండనీ.

నీ అక్క,
దయామణి