రేడియేటర్ల పసుపు

ఉస్తాద్, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దండం పెడదామని రాస్తలేను.

"ఈడే ఖరాబ్ చేసిండు" అని నన్ను నీ షెడ్డుల పనిల నుంచి వెళ్లగొట్టినవే, ఆ పరకాల డాక్టర్ సాబ్ కారు మళ్ల కాగి నా షెడ్డుకొచ్చింది. చల్లారినంక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లల్ల బుడగలు లేస్తానయ్. ఇంజన్ ఆయిల్ చూస్తే పాలు కలిసిన చాయ్ లెక్కుంది. నీళ్లు, ఆయిల్ కలవకుండ ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. రేడియేటర్ కడిగితే, లీకు ఆగుతదని నువ్వు పోసిన పసుపు ముద్దలు ముద్దలుగ వచ్చింది. నీళ్లు తిరిగే దారి మూసింది నువ్వు, మాట పడ్డది నేను.

"ఇది ఎవరి పని?" అన్నడు డాక్టర్. నీ పేరే చెప్పిన. చచ్చినోళ్లను అనొద్దంటరు. నేనన్న.

కొత్త గాస్కెట్ ఏసి, నట్లు నడిమి నుంచి అంచులకు బిగించిన. అది నువ్వు నేర్పలే, నీ ఎనుక నిలబడి దొంగతనంగ చూసిన. కారు చల్లగ పోయింది, ఉస్తాద్.