కుడి చేతికి మాత్రమే

నవంబర్ 26, 2007

హారతికి ఉద్యోగం దొరికింది. హారతి నా తోడికోడలు. మరిది రాజుతో పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. ఏదో కంపెనీ వాళ్ల నేచురల్ ఆర్గానిక్ హ్యాండ్ అండ్ బాడీ లోషన్ ఇంటింటికీ పట్టుకెళ్లి, ఆడవాళ్ల చేతులకు రాసి చూపించి, ఆర్డర్లు తేవాలట. ఐడీ కార్డు మెడలో వేసుకుని వంటింట్లోకి కూడా వచ్చింది. అక్కా, ఎట్లున్న అని అడిగింది. బాగున్నావన్నాను. నిజంగానే బాగుంది. అదే నా ఏడుపు.

నేను సిరిసిల్లలో ఇంటర్ ఫస్ట్ క్లాస్. ఇక్కడ సూరత్‌లోని డిండోలిలో పొద్దస్తమానం నేల మీద కూర్చుని చీరలకు గమ్‌తో మెరుపు రాళ్లు అతికిస్తాను. ఆమె టెన్త్ ఫెయిల్. కానీ ఇక్కడే పుట్టి పెరిగింది, గుజరాతీ గడగడా మాట్లాడుతుంది. నాకు గుజరాతీ కూరగాయల బేరం వరకే వచ్చు.

నవంబర్ 27

అత్తమ్మ కాళ్లకు నూనె రాయడం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ నా పని. ఒక కన్ను ఎప్పుడో పోయింది ఆమెకు. రెండో దానిలో శుక్లం. మనిషి ఎవరో చెయ్యి తడిమి చెబుతుంది. నా చెయ్యి తగిలితే గరుకుగ ఉన్నది, భాగీవే అంటుంది. హారతిది తగిలితే వెన్నపూస అంటుంది. ఆ గరుకంతా ఎవరి కొంప కోసం పట్టిందో మాత్రం ఎవరూ అడగరు.

ఈ సాయంత్రం నూనె వేడి చేసి పట్టుకెళ్లేసరికి హారతి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని లోషన్ రాస్తోంది. ఏం వాసన బిడ్డా, ఏం మెత్తటి చెయ్యి బిడ్డా అని అత్తమ్మ మురిసిపోతోంది. నేనొచ్చానని హారతి చెప్పింది. నువ్వు పోయి జర నడుం వాల్చు భాగీ, ఇయ్యాల్టి సంది హారతి రాస్తది అన్నది అత్తమ్మ.

నడుం వాల్చమంటుంది. ఎంత మర్యాదగా పంపేసిందో! ఆ గిన్నె పొయ్యి పక్కన ధడేలున పెట్టాను. మా ఆయన అంబదాస్ లూమ్ షిఫ్టుకి పోతూ ఏమైందన్నాడు. చేయి కాలిందన్నాను.

నవంబర్ 29

ట్రైనింగ్‌లో ఒక చిట్కా నేర్పారట. ఒక మనిషికి ఒక్క చేతికే లోషన్ రాయాలి. రెండో చెయ్యి అలాగే వదిలేయాలి. కొన్నాళ్లయ్యాక రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరైనా కొంటారట. ఆ మనిషి నేనే కావాలట. నీ చేతులకైతే ఫరక్ మస్తు కనవడ్తదక్కా అంది, ఏదో గొప్ప పొగడ్త అన్నట్టు.

వద్దని మొహం మీద చెప్పాల్సింది. సరేనన్నాను. ఎందుకంటే నాకు ఆ లోషన్ కావాలి. పొరపాటున కూడా పైకి అనలేదు.

కుడి చేతికి రాసింది. లేత పసుపు రంగు, మీగడంత చిక్కన. కలబంద, బాదం నూనె, ఏదో పువ్వు. వేళ్ల పగుళ్లలో నల్లగా ఇరుక్కున్న గమ్ పక్కన ఆ వాసన సిగ్గుపడుతున్నట్టుంది. అన్నం తినేటప్పుడు కూడా ఆ వాసనే. పప్పు రుచి తెలియలేదు, అయినా రెండోసారి వడ్డించుకున్నాను.

డిసెంబర్ 3

నా ఎడమ చేతికి నా కుడి చేతి మీద కుళ్లు పుట్టింది.

డిసెంబర్ 6

చిన్న సీసా ఒకటి చేతికిచ్చి, పని అయ్యాకే రాసుకోమని హారతి చెప్పింది. నేను ఆగలేదు. పొద్దున లేవగానే, టీ తాగాక, పనికి కూర్చునే ముందు, ఎప్పుడు పడితే అప్పుడు రాశాను. ఆ బొటనవేలితోనే రాళ్లు నొక్కాను. జిడ్డు పట్టిన చోట గమ్ పట్టలేదు. చీరల పని ఇచ్చే సేఠ్ మనిషి చీర దులిపి చూపిస్తే రాళ్లు జలజలా రాలాయి. ఇంటినిండా మెరుపు. పోయిన పరువు ఊడ్చి ఎత్తుకున్నాను. కొన్నాళ్లు పని పంపనన్నాడు.

అత్తమ్మ అన్నది కదా, పని చేసే చేతులకు గా సోకులెందుకు బిడ్డా అని. హారతి చేతులకు ఎందుకో మరి. ఆమెను అడగదు.

డిసెంబర్ 9

ఈ రోజు నన్ను చూపించారు.

మా బిల్డింగ్ మేడ మీద. గుజరాతీ వాళ్లు, మరాఠీ వాళ్లు, మన వాళ్లు, ఆడవాళ్లంతా ఎండలో కూర్చున్నారు. హారతి నన్ను మధ్యలో నిలబెట్టి రెండు చేతులూ చాపమంది. ఎడమ చెయ్యి పైకెత్తి ఆ పహెలా అంది. కుడి చెయ్యి ఎత్తి ఆ పఛీ అంది. ఇది ముందు, ఇది తర్వాత. ఒకావిడ నా ఎడమ అరచేతిని సంతలో కాకరకాయ తడిమినట్టు తడిమి, మూతి తిప్పుకుని, కుడి చెయ్యి వాసన చూసి బహు సరస్, చాలా బాగుంది అంది. అందరూ నవ్వారు. హారతి కూడా నవ్వింది. ఆర్డర్లు బాగా వచ్చాయట.

ఆ ఎడమ చెయ్యి నాది. ఈ ఇంటికి సగం కూడు పెట్టింది ఆ చెయ్యి. దాన్ని మేడ మీద ‘ముందు’ అని పిలిచారు.

నాకిచ్చిన సీసా ఖాళీ అయింది, కిందికి రాగానే హారతి బ్యాగులోంచి సీసా తీసి ఎడమ చేతికి కూడా రాసుకున్నాను. మోచేతుల దాకా. తగ్గినట్టు తెలియకుండా సీసాలో నీళ్లు పోశాను.

డిసెంబర్ 10

మళ్లీ రాసుకున్నాను.

డిసెంబర్ 14

మూడు రోజుల కింద గమ్ డబ్బా పక్కన కొత్త సీసా కనిపించింది. సీలు కూడా తీయనిది. ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు. లోషన్ పలచబడిందని ఆమెకు తెలుసు.

తిడితే బాగుండేది. తిట్టలేదని ఇంకా మండుతోంది నాకు. మంచితనంలో కూడా నాకంటే ముందుండాలా?

సీసా మాత్రం వెనక్కివ్వలేదు. పని లేదు, గమ్ ముట్టుకుని చాలా రోజులైంది. పొద్దునా సాయంత్రం రాసుకుంటున్నాను. రెండు చేతులూ ఒకటే అయ్యాయి. నల్ల గీతలు పోయాయి. నా చేతులే, చూసుకుంటే ఎవరివో అనిపిస్తున్నాయి.

సాయంత్రాలు ఆ గది వైపు వెళ్లడం మానేశాను. అత్తమ్మతో మాట కూడా తగ్గించాను. ఆమె ఒకటి రెండుసార్లు భాగీ ఏదిరా అని మా ఆయన్ని అడిగిందట. పని ఉందని చెప్పమన్నాను.

డిసెంబర్ 20, మధ్యాహ్నం

పొద్దున అత్తమ్మ కంటికి ఆపరేషన్ అయింది. కట్టు రేపు విప్పుతారు. అప్పటిదాకా పూర్తి చీకటి ఆమెకు. హారతి డెమోకి కతర్‌గామ్ వెళ్లింది. మా ఆయన డాక్టరుతో మాట్లాడాడు, మరిది ఆటో తెచ్చాడు. వార్డులోంచి ఇంటిదాకా అత్తమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చింది నేను. కోపం పోలేదు కాబట్టి ఒక్క మాట మాట్లాడలేదు.

మగవాళ్లు పనికి పోయారు. మందు వేళకు నీళ్లు తీసుకెళ్లాను. గ్లాసుతో పాటు నా చెయ్యి కూడా పట్టుకుంది. వేళ్లు, అరచెయ్యి అంతా తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

హారతీ, నువ్వేనా అంది.

ఊఁ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

చెయ్యి వదల్లేదు. నీతోని ఒక్క ముచ్చట, భాగీకి చెప్పకు అంది. నువ్వు మంచిగనే రాస్తున్నవ్ బిడ్డా, కానీ నాకు నిద్ర వడ్తలేదు, నీ చెయ్యి తగుల్తున్నదా లేదా అన్నదే తెలుస్తలేదు. దాని చెయ్యి గరుకుగ గీరుకుంట పోతది. గప్పుడే నాకు కన్ను మూత వడ్తది. కానీ పొద్దుందాక రాళ్లు అతికిచ్చి దాని వేళ్లు వంకర్లు వోతున్నయ్, పిలిస్తె కాదనది, అందుకే నిన్ను పిలుస్తున్న అంది.

మళ్లీ అంది. దవాఖాన నుంచి ఇంటిదాక నా చెయ్యి ఇడువకుండ పట్టుకున్నవ్, సల్లగుండు. భాగీ రానే లేదు. నా మీద కోపమొచ్చిందా దానికి? ఏమన్న అన్నదా నీతోని?

నోరు తెరిస్తే గొంతు గుర్తుపడుతుంది. లేదన్నట్టు ఆమె చేతిని ఒత్తాను. కట్టు కింద నుంచి నీళ్లు కారుతుంటే, ఏడవకూడదన్నారని కొంగుతో అద్దాను. నా కళ్లు అద్దేవాళ్లు లేరు.

డిసెంబర్ 21, తెల్లవారుజామున

కట్టు ఇంకా విప్పలేదు. బాత్‌రూమ్ తలుపు వేసుకుని, మడమలు తోముకునే రాయికి రెండు అరచేతులూ రుద్దుతున్నాను. నూనె పొయ్యి మీద వేడెక్కుతోంది. అక్కా, ఏం చేస్తున్నవ్ అని బయట నుంచి హారతి అడుగుతోంది.