కొత్త సబ్‌ల మీద వచ్చిన ఫిర్యాదు

కృపారావు మామయ్యకు వందనాలు.

మన బర్మామైన్స్ చర్చికి కొన్న సబ్‌ఊఫర్లు, అదే లావు మోతల పెట్టెలు, మీరు వాపసు చేసెయ్యమన్నారని అగస్టిన్ చెప్పాడు. "ఒట్టి దడదడే గాని పాటేటీ వినబడ్డం నేదు" అన్నారట. సౌండు చూసేది నేనే గనక మళ్లీ పరీక్షించాను. డ్రమ్ము మోత సబ్‌లకి, గొంతులు మెయిన్ స్పీకర్లకి విడిగానే వెళ్తున్నాయి. రెండూ సమానంగా పలుకుతున్నాయి. మీ మాట మీద స్పీకర్లు పెంచితే వెనక ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

పాట వినబడలేదన్నది ముందు బెంచీలో కూర్చునే మీరు నలుగురే. నలుగురూ కాల్చిన ఇనుము సాగగొట్టే ఫోర్జ్ షాపులో పెద్ద సుత్తి దగ్గర పనిచేసి రిటైరైనవాళ్లే. అలాంటి మోతలో ఏళ్లు గడిపితే ముందు సన్నని శబ్దాలు పోతాయని, లావు శబ్దాలు చాలాకాలం మిగులుతాయని నాకు తెలిసిన చెవుల డాక్టరు చెప్పారు. ఆయన దగ్గరికి నేనే బండి మీద తీసుకెళ్తాను. అక్కడ చూపించుకున్నాక కూడా వద్దంటే సబ్‌లు వాపసు చేసేస్తాను.

ఇంకొక సంగతి. ఆదివారం ఫ్లోరా మైకు ముందు నిలబడినప్పుడు, "మనవరాలు ఊరికే నోరాడించిందేటి?" అని అత్తయ్యని అడిగారట.

పాడింది మామయ్యా. మూడు చరణాలూ పాడింది.

మీ మేనల్లుడు