పడుగు సావుకారిది

జూన్ 3, 2009. బుధవారం

సావుకారి రాఘవేంద్రప్రసాద్ గారింటి ల్యాప్‌టాప్ ఈరోజు మా ఇంటికి వచ్చింది. నాయన దాన్ని తువాలులో చుట్టి తెచ్చాడు, ప్రతి సోమవారం నూలు తెచ్చినట్టే. అన్నం ప్లేటంత ఉంది. వాళ్ళబ్బాయి ప్రదీప్‌కుమార్‌కు హైదరాబాదు నుంచి తెప్పించారట. స్క్రీను మరీ చిన్నదని ఆయనకు నచ్చలేదట. మూలన పడేసేదానికంటే వెంకటరాముడి కూతురికిస్తే మేలు, కంప్యూటర్ డిగ్రీ చదివింది గదా, చీరల డిజైన్లు గీసిపెడుతుంది అని సావుకారి నాయనతో అన్నారట. నాయన మురిసిపోయాడు. కోడుమూరులో ఏ నేతోళ్ళ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండాదో చెప్పు అని అమ్మను నిలదీశాడు.

నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

కర్నూల్లో ఒక చీరల కంపెనీకి డిజైనర్ కావాలని పేపర్లో వచ్చింది. ఆగస్టులో ఇంటర్వ్యూ. సొంత డిజైన్లు తీసుకురావాలి, అవీ కంప్యూటర్లో గీసినవి. ఆ ఉద్యోగం రాకపోతే డిగ్రీ సర్టిఫికెట్ పెట్టెలో పెట్టి, అమ్మ పక్కన కూర్చుని జన్మంతా నూలు కండెలు చుట్టుకోవాల్సిందే. నాకది ఇష్టం లేదు.

జూన్ 5

దీంట్లో ఉన్నది దొంగ విండోస్. ఆ మాట అదే పొద్దస్తమానం చెప్పుకుంటోంది, స్క్రీను నల్లగా పెట్టి మరీ. ఉన్నన్ని వైరస్‌లూ దీంట్లోనే కాపురం పెట్టాయి. ఒక ఫైలు తెరవమని చెప్పి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చాను. ఇంకా తిరుగుతూనే ఉంది.

జూన్ 9

పోస్టులో ఉబుంటు సీడీ వచ్చింది. ఏప్రిల్లో నెట్ సెంటర్లో సరదాకు అడ్రసు కొట్టి మరిచిపోయాను. ఏ దేశం నుంచో వచ్చింది. పైసా తీసుకోలేదు, పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. లినక్స్ అంటారు, విండోస్‌లాంటిదే. విండోస్ తీసేసి ఇది వేసుకుంటే వైరస్‌ల పీడ ఉండదు, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీ.

నాయన నమ్మలేదు. ఊరికే ఎవరిస్తారమ్మా, లోపల ఏదో మెలిక ఉంటాది అన్నాడు. మెలిక ఏమీ లేదు, చేసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అందరికీ ఇచ్చేశారు అని చెప్పాను. మరి వాళ్ళేం తింటారు అన్నాడు.

తీరా చూస్తే ఈ ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. చుట్టూ తిప్పి తిప్పి చూశాను. దేశాలు దాటి వచ్చిన సీడీని దేవుడి గూట్లో పెట్టాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

జూన్ 11, మధ్యాహ్నం

నెట్ సెంటర్ ఏసేపన్న దగ్గర ఒక పెన్‌డ్రైవ్ కొని, సీడీలోది దాని మీదకు ఎక్కించుకున్నాను. ఆయన మంచివాడు. జాగ్రత్త తల్లీ, ఎరేజ్ ఎంటైర్ డిస్క్ అని ఒకటి అడుగుతాది, అది నొక్కితే లోపల ఉన్నదంతా పోతాది, దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు అన్నాడు. పోవడానికి లోపల వైరస్‌లు తప్ప ఏమున్నాయన్నా అన్నాను.

జూన్ 11, సాయంత్రం

అయింది! సగం పొద్దు ఒక బటన్ కోసం పోయింది. నెక్స్ట్ నొక్కాలంటే ఆ బటన్ కనబడదు. స్క్రీను పొట్టిది కదా, బటన్ అడుగున ఎక్కడో దాక్కుంది. చివరికి ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని విండోను మొత్తంగా పైకి లాగాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నట్టు ప్రతి పేజీకీ ఇదే పని.

మధ్యలో నీ పేరేమిటని అడిగింది. రాజేశ్వరి అని కొట్టాను. ఈ ఇంటికి సావుకారి నుంచి వచ్చిన వస్తువు ఏదైనా నా పేరు అడగడం ఇదే మొదలు. పాస్‌వర్డ్ అవ్వ పేరు పెట్టాను, తిమ్మమ్మ అని. అదేం కొడతాండావు అని నాయన అడిగితే చెప్పాను. వాళ్ళమ్మ పేరు కదా, కళ్ళు తుడుచుకున్నాడు.

జూన్ 21. ఆదివారం

ఎదురింటి భీమక్క వాళ్ళు ఈరోజు ఇల్లు ఖాళీ చేసి బెంగుళూరు పోయారు, కూలికి. పోయిన నెల ఆమె మొగుడు తాగొచ్చి, కోపంలో మగ్గం మీద పరిచిన పడుగు నూలంతా కోసేశాడు. అప్పటినుంచి ఏ సావుకారీ వాళ్ళకు నూలు ఇవ్వలేదు. పడుగు కోసిన ఇంటికి ఎవరూ ఇవ్వరు. నాయన అయితే ఆ మాట నోటితో అనడానికి కూడా ఒప్పుకోడు. అవ్వ పోయిన రోజు మగ్గం ఆపాడు గానీ పడుగు మీద దుప్పటి కప్పాడు, కర్మ అయ్యాక మళ్ళీ ఆ పడుగులోనే కూర్చున్నాడు.

నా పని బాగా సాగుతోంది. చీర మీద వేసే బుటా ఒకటి గీశాను, వేరుశనగ పూత. చేలో వంగి చూస్తే తప్ప కనబడని పసుప్పచ్చ పువ్వు అది. ఎండిన చెరువు మట్టి పగుళ్ళతో ఒక అంచు. తంగేడు కొంగు. ఇటువంటివి ఎవరూ వేసినట్టు నేను చూడలేదు. నాయన మగ్గం దిగి వచ్చి చూశాడు. మన చేన్లోదే గదా ఇది అన్నాడు. ఆయన పొగడ్త అంతే ఉంటుంది, నాకది చాలు.

జూలై 6. సోమవారం



పత్తికొండలో స్నేహితురాలి ఇంటికి పోయి ఇప్పుడే వచ్చాను. ల్యాప్‌టాప్ లేదు. యాడుంది నాయనా అంటే, సావుకారి అంగట్లో ఉండాది అన్నాడు. ఈరోజు సోమవారం కదా, వారమంతా నేసిన చీరలు సావుకారికి అప్పజెప్పే రోజు. చీరలతోపాటు దాన్నీ తువాలులో చుట్టుకుని పోయాడట. వాళ్ళు తెరవడం రాదంటే, మాయమ్మ పేరు కొట్టండి సామీ అని పాస్‌వర్డ్ కూడా చెప్పి వచ్చాడట. ప్రదీప్‌కుమార్ డిజైన్లన్నీ కాపీ చేసుకున్నాడట. సావుకారి భుజం తట్టి, శానా బాగుండాయప్పా అన్నాడట. ఇదంతా నవ్వుకుంటూ చెప్పాడు! కోపం తెప్పించే పని చేశానన్న అనుమానం కూడా ఆయనకు లేదు.

అవి నావి, ఇంటర్వ్యూకి గీసుకున్నవి అని అరిచాను. నాయన నిజంగానే బిత్తరపోయాడు. పడుగు వాళ్ళదైతే చీర మనదెట్లయితాదమ్మా అన్నాడు. మా తాత నాటినుంచి మా ఇంట్లో పద్ధతి అదే. నూలు సావుకారిది, నేసిన మజూరీ మాది. మగ్గం మీదనుంచి దిగిన చీరను మేం కట్టుకున్నది లేదు, దాచుకున్నది లేదు. ల్యాప్‌టాప్ వాళ్ళది కాబట్టి లోపల పుట్టినవీ వాళ్ళవే. ఆయన లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

ల్యాప్‌టాప్ వాళ్ళదైతే బుర్ర కూడా వాళ్ళదేనా అన్నాను. దానికి ఆయన, నువ్వే గదమ్మా చెప్పినావు, ఆ సీడీవోళ్ళు అందరికీ ఊరికే ఇచ్చినారని, మంచోళ్ళని అన్నాడు. వాళ్ళు ఇచ్చారు నాయనా, నేను ఇవ్వలేదు, నన్ను ఎవరూ అడగలేదు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం కండె చుట్టడం ఆపి ఒకసారి నా వైపు చూసింది, మళ్ళీ చుట్టుకుంది.

జూలై 8

ల్యాప్‌టాప్ తిరిగి వచ్చింది. ఫైళ్ళు ఉన్నాయి. వాళ్ళ దగ్గరా ఉన్నాయి.

జూలై 30. గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం. అంగడి ముందర బొమ్మకు నా వేరుశనగ పూత చీర కట్టారు. ఈ మూడు వారాలూ ఊళ్ళో సగం మగ్గాల మీద అదే నేశారట. ప్రదీప్‌కుమార్ నన్ను చూసి పలకరించాడు. ఆయనను తిట్టడానికి కూడా వీల్లేదు, అంత మర్యాదగా మాట్లాడతాడు. డిజైను బ్రహ్మాండంగా పోతాండాది రాజేశ్వరీ అన్నాడు. దానికి పేరు కూడా పెట్టామన్నాడు. వాళ్ళ చెల్లెలి పేరు.

శ్రీవాసవి బుటా. ఆ పిల్ల వేరుశనగ చేను మొహం చూసి ఉండదు.

ఆగస్టు 5. కర్నూలు నుంచి వచ్చాక

ఆ కంపెనీ మేనేజరు దేవేంద్రప్ప గారు పెద్దమనిషి. మంచినీళ్ళు ఇప్పించారు. నా డిజైన్లు ఒక్కొక్కటే చూశారు. తర్వాత బీరువా తెరిచి ఒక చీర తీసి బల్ల మీద పరిచారు. శ్రీవాసవి బుటా. ఇది రాఘవేంద్రప్రసాద్ గారి అంగడి డిజైన్ గదమ్మా, అందరికీ తెలిసిందే, కాపీ కొట్టి తెస్తే ఎట్ల అన్నారు.

ఇది నాదే సార్ అన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి ఫైలు తేదీలు చూపించాను, జూన్ నెల అని. కంప్యూటర్లో తేదీ ఎవరైనా మార్చుకోవచ్చు గదమ్మా అన్నారు. ఈ ల్యాప్‌టాప్ ఎవరిది అని అడిగారు. అబద్ధం చెప్పడం రాలేదు. సావుకారిది అన్నాను.

ఆయన చీర మడత పెట్టేశారు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కోడుమూరు దాకా ఏడ్చాను.

ఆగస్టు 7

నాయనతో సావుకారి కబురు. దసరాకు కొత్త డిజైన్లు కావాలట, సోమవారం పంపమన్నాడట.

కొత్తవి ఉన్నాయి. జూలైలో కోపంతో గీశాను, మొదటివాటికంటే ఇవే బాగున్నాయి. వీటికి ఏ పిల్ల పేరు పెడతారో. పంపిస్తావు గదమ్మా అని నాయన అడిగాడు. ల్యాప్‌టాప్ మూసి లేచాను. ఒప్పుకున్నాననుకున్నాడు.

ఆగస్టు 9. ఆదివారం

ఏసేపన్న దగ్గరకు పోయాను. పెన్‌డ్రైవ్ మీద మళ్ళీ ఉబుంటు ఎక్కించమన్నాను. ఈ పెన్‌డ్రైవ్‌లో నీ బొమ్మలు ఉండాయే, పోతాయి గదా తల్లీ, ఇంకో యాడన్నా దాచినావా అన్నాడు. దాచలేదన్నాను. మళ్ళీ అడిగాడు. దాచిపెట్టి మళ్ళీ ఎవరికి చూపించాలన్నా, ఎక్కించు అన్నాను.

ఆగస్టు 10. సోమవారం

ఎరేజ్ ఎంటైర్ డిస్క్. ఆల్ట్ పట్టుకుని విండోను పైకి లాగి, నెక్స్ట్ నొక్కాను. పేరు అడిగితే సావుకారి అని కొట్టాను.

నాయన తువాలు తీసుకుని వచ్చాడు. పడుగు కోసేసినాను నాయనా అని చెప్పాను. నిలబడినవాడు కూర్చున్నాడు. తర్వాత లేచి, ఖాళీ ల్యాప్‌టాప్‌ను చుట్టుకుని పోయాడు.

సాయంత్రం వచ్చాడు. తువాలు భుజం మీద ఉంది. నూలు లేదు.

ఆ డిజైన్లు నీ నెత్తిలో ఉండాయా అమ్మా అని అడిగాడు. ఉండాయి అన్నాను. ఖాళీ మగ్గం మీద, అవ్వ పోయిన రోజు కప్పినట్టే, దుప్పటి కప్పాడు.