కొబ్బరి పీచు కవచం

చిరంజీవి రాఘవకు అన్నయ్య నిండు దీవెనలతో వ్రాస్తున్న లేఖ.

ఉత్తరం పైన కుడివైపున ఊరు, తేదీ వేయాలని బడిలో అందరిచేతా దిద్దించినవాణ్ణి. ఈసారి రెండూ కావాలనే వదిలివేశాను. తేదీ వేస్తే ఎన్నాళ్ళకు వ్రాశానో నీవు లెక్కకడతావు. ఊరు వేస్తే ఇది నా ఊరని ఒప్పుకున్నట్లవుతుంది.

అక్కయ్య మోకాలి నొప్పి తగ్గిందా? వేరుశనగ పదునుకు వాన పడిందా? నేను క్షేమం. అమ్మాయి ఉదయం ఆసుపత్రి ఉద్యోగానికి వెళితే చీకటి పడ్డాకే వస్తుంది. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఈ కోనసీమలో ఎటు చూసినా కాలువలు, కాలువల మధ్య కొబ్బరితోటలు. చూపు ఆనడానికి ఒక్క కొండ లేదు. ఉతికిన పంచె రెండు రోజులకు గానీ ఆరదు. మనుషులు మహా మర్యాదస్తులు. నేనేమన్నా "ఆయ్, అంతేనండీ" అంటారు. నెలల తరబడి నా మాటకు అడ్డు చెప్పినవారు లేరు. మీ వదిన ఉండగా పూటకు నాలుగు వాదనలు జరిగేవి. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం.

మా పక్కింట జాన్సన్ గారని కళాశాల అధ్యాపకులున్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వారింట నలుగురు మిత్రులు బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కరు ఒక ప్రాచీన వీరుడి పాత్ర ధరించి, కథ నడుపుతూ, ఇరవై ముఖాల పాచిక వేసి, దెబ్బ తగిలిందో తప్పిందో తేల్చుకుంటారు. నియమాల పుస్తకం విదేశాలది. దానిని మన పూర్వకాలపు తీరదేశానికి మార్చుకోవాలని వారి కోరిక.

"ఆయుధాల పట్టిక మీరు చూడాలండి మేస్టారూ. మా తెలుగు చూస్తే మీకు జ్వరం వచ్చేస్తాదండి," అన్నారాయన. మొదటి పుటలోనే పదకొండు తప్పులు. జ్వరం రాలేదు గాని, ప్రాణం లేచివచ్చింది.

వారి పుస్తకంలో వీరుడికి నఖశిఖపర్యంతం ఇనుప తొడుగు. ఈ ఉక్కలో అది వేసుకున్నవాడు శత్రువును చేరకముందే ఉడికిపోతాడని వాదించి కొట్టివేయించాను. రెండంచుల ఖడ్గానికి బదులు కొబ్బరి గెలలు దింపే కత్తిని పెట్టాను. పడవ మీద నిలబడి పొడవడానికి బల్లెం, అడ్డుకోవడానికి దున్నతోలు డాలు. కవచాన్ని కొబ్బరి పీచు తాడుతో దట్టంగా అల్లించాను. ఆరు వారాలు సాగింది ఆ పని. ఆ ఆరు వారాలూ నాకు ఆదివారం అనేది ఒకటుండేది.

కవచం కింద ఒక నియమం చేర్చి చదివాను: "నీట దిగినచో పీచు కుళ్ళును, రక్షణ సగమగును." అందరూ తలలూపారు. గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్న జాన్సన్ గారి తల్లి మార్తమ్మ గారు మాత్రం చేతిపని ఆపకుండానే అన్నారు.

"కాదండి మేస్టారూ. కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి కాలవలో ఊరబెడితేనే కదండీ పీచొచ్చేది. నీళ్ళకి కుళ్ళిపోయేదైతే ఆ తాళ్ళతో కట్టిన మా పడవలన్నీ ఈపాటికి అంతర్వేది దాటి సముద్రంలో ఉండేయండి."

అందరూ నవ్వారు.

"అమ్మా, ఊరుకో."

"నేనేమన్నానురా? మేస్టారు ఎండదేశం నుంచి వచ్చేరు. ఆరికేం తెలుస్తాది, పాపం."

ఆ 'పాపం' నన్ను కుర్చీలోంచి లేపింది. తలనొప్పి అని చెప్పి కాగితాలు మడిచి వచ్చేశాను. తరువాతి రెండు ఆదివారాలూ జాన్సన్ గారు పిలవడానికి వచ్చారు.

"మీరు రాకపోతే మళ్ళీ ఆ ఇనుప తొడుగులే గతండి మాకు," అన్నారు. ఒంట్లో బాగోలేదన్నాను. మూడో ఆదివారం ఆయన రాలేదు. గోడ అవతల పాచిక దొర్లే చప్పుడు, నవ్వులు వింటూ కూర్చున్నాను. రాఘవా, ఆ మధ్యాహ్నం ఎంత పొడవో వ్రాయడం నాకు చేతకాదు.

నిన్న మార్తమ్మ గారి దొడ్డివైపు కాలువగట్టుకు వెళ్ళాను. ఎందుకు వచ్చారని ఆవిడ అడగలేదు. రేవు గుంజకు కట్టి నీటిలో నానుతున్న తాడును పైకి తీసి నా చేతికిచ్చారు.

"మా ఆయన కట్టిందండి. ఆయన పోయేక రెండు వానాకాలాలు వెళ్ళిపోయేయి. లాగండి."

రెండు చేతులా లాగాను. అరచేతులు కందాయి గాని, ఒక్క పోగు తెగలేదు.

"బరువు మాత్రం ఎక్కుతాదండి. తడిసిందాన్ని మొయ్యడం కష్టం," అన్నారు.

ఇంటికి వచ్చి నియమం మార్చాను: "నీట తడిసిన కవచము బరువెక్కును, వీరుని నడక సగమగును, రక్షణ తగ్గదు." వ్రాయడం సులువే. వచ్చే ఆదివారం దానిని నలుగురిలో, ఆవిడ ఎదుట, నేను పొరబడ్డానని చెప్పి చదవాలి. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఏ తరగతిలోనూ ఆ మాట అనలేదు. ఇంట్లోనూ అనలేదని మీకు తెలుసు. అద్దం ముందు ప్రయత్నించాను, 'నేను' దగ్గరే ఆగిపోయాను. చెప్పకపోతే ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేను.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త రాగిపిండి పంపించు. పిల్లలకు నా ముద్దులు. అక్కయ్య పాదాలకు నా నమస్కారం. ఆమె దీవెన ఈ వారం నాకు మరీ అవసరం.

ఇట్లు,
నీ అన్నయ్య
నరసింహం

రాఘవా, ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు అందుతుంది. అక్కయ్యను, పిల్లలను కూర్చోబెట్టి, పీచు విషయంలో అన్నయ్య పొరబడ్డాడన్న మాట దాటవేయకుండా, అందరికీ వినబడేట్లు పైకి చదువు. ఆదివారం కంటే ముందు ఆ మాట మన ఇంట్లో ఒకసారి వినబడాలి.